చిప్ప విప్పిన తాబేలు

నా చేతిలోని ఫోన్లో నాలుగో గడి ఇంకా ఖాళీగానే ఉంది. మిగతా మూడింటినీ వాళ్ళిద్దరూ కలిసి పవర్‌హౌస్ స్టేషన్లో బండి ఎక్కకముందే నింపేశారు, నాలుగోదాంట్లో ఏం పెట్టాలో కూడా చెప్పేశారు, నేను చెయ్యాల్సిందల్లా వేలితో నొక్కడమే, ఆ మాత్రం పని నాకు ఒప్పజెప్పినందుకు సంతోషించాలి కాబోలు. ఎదురు సీట్లో కిటికీ పక్కన మా నాన్న, ఆయన పక్కన నా పెళ్ళాం వాసవి, ఇద్దరి తలలూ ఒకే ఫోను మీద. లోకల్ బండి కుదుపుకి రెండు తలలూ ఒకేసారి అటూ ఇటూ ఊగుతున్నాయి. నా పక్కన కూర్చున్న ఛత్తీస్‌గఢీ ముసలమ్మ చూసి ముచ్చటపడి తండ్రీ కూతురూ ఎంత బాగున్నారో అనేసింది. కూతురు కాదమ్మా, బహూని అని వాసవి నవ్వుతూ సర్దింది, మరి కొడుకెవరంటే ఇదిగో వీడు అని నన్ను చూపించాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. నాకు కుళ్ళు. కడుపులో పెట్టుకుని తిరగడం కంటే నాలో నేనైనా ఒప్పుకోవడం నయం. కట్టుకున్న పెళ్ళాం మీద కుళ్ళు, అదీ ఏ పరాయి మగాడి మూలంగానో కాదు, నన్ను కన్న తండ్రి మూలంగా. చెప్పుకుంటే నవ్విపోతారు, అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఆట పేరు అఖాడా. ఫోన్లో ఆడే జంతువుల కుస్తీ. చూడటానికి చిన్నపిల్లలదే గాని భిలాయిలో రిటైరైనవాళ్ళు కూడా పార్కు బెంచీల మీద కూర్చుని ఆడేస్తున్నారు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో జంతువు ఉంటుంది, ఏ అడవిలోనూ కనబడని రకం. దానికి వచ్చిన పట్లు బోలెడుంటాయి, గోదాలోకి మాత్రం నాలుగే తీసుకెళ్ళనిస్తారు. ఆ నాలుగూ ఏవో ఎంచుకోవడమే అసలు ఆట, మిగతాదంతా వేళ్ళ పని. ఎంచుకుని లాక్ నొక్కాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మార్చలేడు. ఇవాళ రాయ్‌పూర్లో ఒక మాల్‌లో కుటుంబాల పోటీ. ఒకే కుటుంబం మనుషులు ముగ్గురు, మూడు జంతువులు, ఒకటి గోదాలో పోట్లాడుతుంటే రెండు బయట కాచుకుని ఉంటాయి. మా నాన్నది ఖడ్గమృగం. వాసవిది రెక్కల కింద నిప్పు దాచుకునే పక్షి. మూడోది మా పిన్ని కొడుకు అనిరుధ్ పెంచుతున్న తాబేలు, కానీ అనిరుధ్ రాత్రి నుంచి జ్వరంతో మూలుగుతున్నాడు, ముగ్గురు లేకపోతే పోటీలోకి రానివ్వరు, అందుకని పొద్దున్నే వాడి ఫోను నా చేతిలో పెట్టి నన్ను బండెక్కించారు. అంటే నేను లెక్కకి మూడోవాణ్ణి. నాకీ ఆట రాదని వాళ్ళిద్దరి గట్టి నమ్మకం.

ప్లాట్‌ఫాం మీద నిలబెట్టి మా నాన్న నాకు పాఠం కూడా చెప్పాడు. కొత్తగా చేరిన అప్రెంటిస్‌కి చెప్పినట్టు, ముందు ఏది ముట్టుకోకూడదో చెప్పి, ఆ తర్వాత ఏది ముట్టుకోవాలో చెప్పాడు. తాబేలు మొదట దిగుతుంది. కవచం వేసుకుని ముడుచుకు కూర్చుంటుంది. కూర్చున్నంతసేపూ ఒంట్లో వేడి పోగేసుకుంటుంది. దెబ్బ గట్టిగా తగిలితే గడ్డి తిని కోలుకుంటుంది. చాలినంత వేడి పోగయ్యాక అప్పగింత. అప్పగింత అంటే తాబేలు తన వేడంతా తర్వాతి జంతువుకి ఇచ్చేసి పక్కకి తప్పుకోవడం. ఆ దిగేది మా నాన్న ఖడ్గమృగం, ఆ వేడితో అది ఎదుటివాళ్ళను కుమ్మేస్తుంది, ఇంకా ఎవడైనా మిగిలితే వాసవి పక్షి చూసుకుంటుంది. వేడి, గడ్డి, అప్పగింత, కవచం. కొట్టే పట్టు ఒక్కటీ లేదు నా తాబేలుకి. పొయ్యి రాజెయ్యడం వరకే నా వంతు, వంటా వడ్డనా వాళ్ళవి. వాసవి నా చెయ్యి నొక్కి మరీ చెప్పింది, అంత ప్రేమగా చెప్పడం వల్లే ఒళ్ళు మండింది. "మీరేం టెన్షన్ తీసుకోకండి. వేడి నొక్కండి, వేడి నొక్కండి, మావయ్య సైగ చేస్తారు, అప్పగించెయ్యండి. బస్, అంతే." మా నాన్న దానికి తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు తెలుసు, పదో తరగతి మార్కులు చూసినప్పుడూ అలాగే ఊపాడు.

భిలాయి-3 వచ్చింది. వాసవి ఫోనులోంచి తలెత్తి కిటికీలోంచి రైల్వే క్వార్టర్లు కనబడే వైపు ఒక్కసారి చూసింది, తను పుట్టి పెరిగింది అక్కడే, వాళ్ళ నాన్న గార్డు. ఈ స్టేషన్ నుంచే పెళ్ళిబట్టల్లో బండెక్కి మా సెక్టారు క్వార్టర్‌కి వచ్చింది, వస్తూ వస్తూ ఈ ఆటను కూడా తెచ్చుకుంది. మొదటి వారంలోనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకోండి, ఇద్దరం కలిసి ఆడదాం అంది. తెలుగులో మొదలుపెట్టి హిందీలోకి జారిపోతూ ఆ పక్షి గుణగణాలన్నీ వర్ణించింది. నేను నవ్వాను. ఇన్సూరెన్సు ఆఫీసులో పొద్దస్తమానం జనం కష్టాలు వినొచ్చి ఇంట్లో పిట్టలతో ఆడుకోవాలా అన్నాను. తను మళ్ళీ అడగలేదు. అలిగే మనిషి కాదు, అలిగినా బాగుండును. తర్వాత వానాకాలంలో మా నాన్నకి మోకాలి ఆపరేషన్ అయింది, కుర్చీలోంచి లేవకూడదన్నారు, ఆయనేమో ఉక్కు ప్లాంటులో ఇనప దిమ్మల్ని ఎర్రగా కాల్చే రీహీటింగ్ ఫర్నేసు ముందు ముప్పై ఏళ్ళు నిలబడ్డ మనిషి, కూర్చోవడం రాదు. మా అమ్మ మీద అరిచేవాడు, ఫ్యాను మీద అరిచేవాడు. ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే లోపల ఎవరో పగలబడి నవ్వుతున్నారు. ఎవరబ్బా కొత్తవాళ్ళు అనుకున్నాను. ముప్పై మూడేళ్ళుగా నాన్నా అని పిలుస్తున్న మనిషి నవ్వు నాకు గుర్తుపట్టడం రాలేదు.

వాసవి పక్కన కూర్చుని ఆయనకి తన ఆట నేర్పుతోంది. నా కుళ్ళు అక్కడే మొదలైంది. ఆ నవ్వు నాది కావాల్సింది అనిపించింది. ఇంకొకరి పేరు మీద వచ్చిన పార్సిల్ వాళ్ళు విప్పుకుంటుంటే చూసి, అది నాదే, నాదే అని ఏడ్చే పిల్లాడి లాంటి ఏడుపు. అప్పట్నుంచి రోజూ అదే వరస, టీ తాగడం, ఇద్దరూ సోఫాలో చేరడం, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని ఆయన, కాళ్ళు పైకి మడుచుకుని తను. సివిక్ సెంటర్ నుంచి సమోసాలు తెస్తాడు, మొదటిది నా పార్ట్‌నర్‌కి అంటాడు. పార్ట్‌నర్. నన్ను ఆయన ఇదిగో అని పిలుస్తాడు. మా అమ్మ చోద్యం చూస్తూ, మీ నాన్నకి ఇన్ని మాటలొచ్చని నాకే తెలీదు అంటుంది, ఆవిడకి అదో సరదా. నేను పేపరు అడ్డం పెట్టుకుని అదే గదిలో కూర్చుంటాను. ఒక పేజీ చదవడానికి వాళ్ళ ఆట అయ్యేంత సేపు పడుతుంది.

చరోడా యార్డు. బొగ్గు వ్యాగన్లు, ఖాళీ వ్యాగన్లు, కిటికీ నిండా అవే, ఎంతకీ అవ్వవు. మా నాన్న వాటి వైపు చూడటం లేదు, వాసవికి ఏదో చెబుతున్నాడు, చేత్తో గాలిలో ఏదో తలుపు పైకెత్తి చూపిస్తున్నాడు, ఫర్నేసు తలుపే అయ్యుంటుంది. నాకు ఫర్నేసు గురించి ఆయన చెప్పింది ఒకటే, దగ్గరికి రాకు అని. సైకిలు నేర్పింది పక్క క్వార్టర్ గణపతిరావు గారు. గడ్డం గీసుకోవడం నేర్పింది సెక్టారు మార్కెట్ మంగలి. మైత్రీబాగ్ జూలో తెల్లపులిని చూపించింది స్కూలువాళ్ళు. నాన్న చూపిస్తానన్నాడు ఒకసారి, ఆదివారం ఉదయం షిఫ్టు అయ్యాక. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని మెట్ల మీద కూర్చున్నాను. ఆయన రిలీవర్ రాలేదు. ప్లాంటులో షిఫ్టు అయిపోయినా తర్వాతవాడు వచ్చి మిషను దగ్గర నిలబడి ఆఁ, ఇంక నేను చూసుకుంటాను అనేదాకా మొదటివాడు కదలకూడదు. వాడు రాకపోతే వాడి షిఫ్టు కూడా వీడే చెయ్యాలి. అది రూలు, మా నాన్నకి రూలు కంటే ఎక్కువ. ఆయన వచ్చేసరికి నేను ఆ చొక్కాతోనే నిద్రపోయాను, పొద్దున్న లేచేసరికి చొక్కా దండెం మీద ఉంది, ఆయన మళ్ళీ డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో మేం ఆయన గురించి చెప్పుకునే మాట ఎప్పుడూ ఒకటే, రిలీవర్ రాలేదట.

ఆ రూలే ఆయన్ని ఆటలో ముంచుతుండేది. ఖడ్గమృగం చావుదెబ్బలు తింటున్నా గోదాలోంచి బయటికి పిలిచేవాడు కాదు. పిలవొచ్చు, ఒక్క నొక్కు చాలు, కాకపోతే అది బయటికి వచ్చి ఇంకోటి లోపలికి వెళ్ళే ఆ క్షణం గోదా ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ ఆయన భరించలేకపోయేవాడు. వాసవి ఎంత మొత్తుకున్నా వినేవాడు కాదు, మొండితనం అనుకుంది పాపం. ఒకరోజు ఎందుకు మావయ్యా అని నిలదీసింది. అప్పుడు చెప్పాడు. లోపల ఎర్రగా కాలుతున్న సరుకు పెట్టుకుని మిషను ఒగ్గీసి ఎలగొస్తామమ్మా అని మొదలుపెట్టి, ఒకసారి ఎవరో అలా వచ్చేస్తే ఏమైందో, ఆ పొగ ఎలా ఉందో, ఆ రోజు ఇంటికొచ్చి ఎవరికీ చెప్పకుండా ఎలా పడుకున్నాడో అంతా చెప్పాడు. నేను పేపరు వెనకే ఉన్నాను. నా ఇంట్లో, నా సోఫాలో, నా తండ్రి, నా చిన్నతనంలో జరిగింది, నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయికి చెబుతున్నాడు. నేనూ వింటానని ఆయనకి తెలుసు, కానీ నాకు చెప్పడం లేదు. ఆ తేడా ఎంతుంటుందో పేపరు వెనక కూర్చున్నవాడికే తెలుస్తుంది. వాసవి కళ్ళు తుడుచుకుని, అయితే మన జట్టులో అప్పగింత వచ్చిన జంతువు ఒకటి ఉండాలి మావయ్యా, అందులో రెండోది లోపలికి వచ్చాకే మొదటిది బయటికి వెళ్తుంది అంది. ఆయన ముఖం వెలిగిపోయింది. అదమ్మా పద్ధతి అన్నాడు. అలా వచ్చాడు అనిరుధ్, వాడి తాబేలుతో సహా. నన్నెవరూ అడగలేదు.

అడగకపోతే ఏం, నేను అప్పటికే ఆడుతున్నాను. వాళ్ళకి తెలియదు గాని పేపరు వెనక కూర్చుని కూర్చుని ఆటంతా నాకు వంటబట్టేసింది. వాసవి ఆయనకి చెప్పిన ప్రతి కిటుకూ నేనూ విన్నాను, ఆయన వేసిన ప్రతి తప్పూ నేనూ చూశాను. పోయిన వానాకాలం చివర్లో ఆఫీసయ్యాక సివిక్ సెంటర్‌లో బెంచీ మీద కూర్చుని నా ఫోన్లో ఖాతా తెరిచాను. పేరు పెట్టమంటే ఏం పెట్టాలో తోచక పక్కనున్న దాన్ని చూసి టిఫిన్‌బాక్స్ అని పెట్టాను. జంతువు తాబేలు. సాయంత్రాలు ఆటలో మా నాన్న ఉండే ఆన్‌లైన్ గదిలోకే వెళ్ళి ఆయన్నే ఆటకి పిలిచాను. ఇంట్లో ఓవర్‌టైం అని చెప్పాను. ఇంటికి మైలు దూరంలో బెంచీ మీద కూర్చుని కన్నతండ్రి ఖడ్గమృగాన్ని రోజూ చితక్కొట్టాను, ఎందుకంటే అది ఎప్పుడు కదలదో నాకు తెలుసు, మైత్రీబాగ్ నాటి నుంచీ తెలుసు. కసితీరా కొట్టి ఇంటికొస్తే ఏడుపుగొట్టు ముఖంతో ఉంటాడనుకున్నాను. ఆయన సోఫాలో ముందుకి వంగి, కళ్ళు మెరిసిపోతూ వాసవికి చెబుతున్నాడు. "ఆ టిఫిన్ గాడున్నాడే, మామూలోడు కాదమ్మా. తాబేలుకి చిప్ప తీసీసి ఆడతాడు. గుండె ఉండాల."

చిప్ప విప్పు అని ఒక పట్టు ఉంది, ఎవరూ వాడరు. తాబేలు తన చిప్ప ఊడదీసి ఎదుటివాడి మీదకి విసురుతుంది, ఒంట్లో ఎంత వేడుంటే అంత గట్టిగా తగులుతుంది. ఆ తర్వాత తాబేలుకి ఒంటి మీద ఏమీ ఉండదు, మెత్తటి ముద్ద, చిన్న దెబ్బకే పోతుంది. కాకపోతే బరువు దిగిపోయి మెరుపులా కదులుతుంది. తాబేలంటేనే చిప్ప, అది తీసేసి ఎవడాడతాడు అని జనం దాని జోలికి పోరు. నాకు మాత్రం చూడగానే నచ్చింది, ఎందుకో అడిగితే చెప్పలేను. కవచం ఉండాల్సిన గడిలో అది పెట్టుకున్నాను. ఇప్పుడు మా నాన్న నోట ఆ టిఫిన్ గాడి మాట రాని రోజు లేదు. ఇవాళ టిఫిన్ గాడు రాలేదేటి అని వాసవిని అడుగుతాడు. ఆడికి పెళ్ళయిందో లేదో అంటాడు. ఆడి తండ్రెవరో గాని అదృష్టవంతుడు, తెలివైన కొడుకు అని ఒకసారి అన్నాడు, అంటూ నన్నే ఆ మంచినీళ్ళ చెంబు ఇలా అందించమన్నాడు. చెంబు అందించాను. ఇంతవరకూ ఒక్క పెళ్ళాం మీదే కుళ్ళు అనుకున్నాను, ఆ రోజు నుంచి నా మీద నాకే కుళ్ళు పట్టుకుంది. టిఫిన్ గాణ్ణి తలుచుకుంటే పళ్ళు నూరుకునేవాణ్ణి. వాడికేం, ముఖం లేదు, చెంబులు అందించక్కర్లేదు, మార్కులు చూపించక్కర్లేదు, మా నాన్న గుండె మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

కుమ్హారి. బండి ఆగగానే జామకాయల బుట్టతో ఒకామె ఎక్కింది. మా నాన్న కొన్నాడు. ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూసి, దోరది ఏరి, చొక్కాకి తుడిచి వాసవికిచ్చాడు. తర్వాతది ముసలమ్మకిచ్చాడు, ఎవరో కూడా తెలియని ముసలమ్మకి. మిగిలిన రెంటిలో గట్టిది నా ఒళ్ళో పడేశాడు, ముఖం చూడకుండానే. ఒక జామకాయ కోసం ఇంత వయసొచ్చినవాడు కళ్ళలో నీళ్ళు తెచ్చుకోవడం కంటే సిగ్గుమాలిన పని ఉండదు, అయినా వచ్చాయి, కిటికీ గాలికి అన్నట్టు తుడుచుకున్నాను. ఆ ఉక్రోషంలోనే వేలు దానంతటదే ఫోను మీదకి వెళ్ళింది. అప్పగింత తీసేశాను. దాని చోట బండ పెట్టాను, రాళ్ళు విసిరే పట్టు. గడ్డి తీసేసి పిడుగు పెట్టాను. చూడండి తమాషా. తాబేలు ఎవరికీ ఏమీ ఇవ్వదు, ఎవరి కోసమూ తప్పుకోదు, పోగేసుకున్న వేడి తనే వాడుకుంటుంది. గెలిస్తే ఒక్కటే గెలుస్తుంది, పక్షీ ఖడ్గమృగమూ బయట నిలబడి చూస్తాయి, మూడు జట్లను వరసగా పడగొట్టి నేను ఫోను బల్ల మీద పెట్టి లేస్తాను, అప్పుడు చూడాలి ఇద్దరి ముఖాలూ. చాలాసేపు ఆ ముఖాలు చూస్తూ కూర్చున్నాను. వాసవి ముఖం బాగానే కనబడింది, నోరు తెరుచుకుని. నాన్న ముఖమే సరిగ్గా రావడం లేదు. ఎంత ప్రయత్నించినా ఆయన బయట ఖడ్గమృగంతో నిలబడి, ఎప్పుడు పిలుస్తారా అని కాచుకుని ఉన్నట్టే కనబడుతున్నాడు. కాచుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలిసినంతగా ఆయనకి తెలియదు. తెలియాలి కూడా, తెలిస్తే తప్పేంటి అనుకున్నాను. అనుకుంటూనే బండ తీసేసి అప్పగింత మళ్ళీ పెట్టాను, పిడుగు తీసేసి గడ్డి పెట్టాను. మంచితనం వల్ల కాదు. ఒక్కణ్ణే గెలిస్తే ఆయన నా వైపు చూస్తాడని నమ్మకం లేక.

ఖారున్ వంతెన మీదకి వచ్చేసరికి మిగిలింది మళ్ళీ ఆ నాలుగో గడి ఒక్కటే. కవచం పెడితే ఏ గొడవా లేదు. చెప్పినట్టు చేస్తాను, సైగ చేస్తే తప్పుకుంటాను, గెలిస్తే వాళ్ళు గెలుస్తారు, ఓడితే నా వల్ల కాదు. సాయంత్రం ఇదే బండిలో ఇదే సీట్లో తిరిగొస్తాను. రేపట్నుంచి మళ్ళీ బెంచీ, మళ్ళీ పేపరు. చిప్ప విప్పు పెడితే ఆయన గుర్తుపట్టేస్తాడు. ఈ జిల్లాలో అది వాడేవాడు ఒక్కడే. గుర్తుపట్టి ఏమంటాడో తెలియదు. ఇన్నాళ్ళూ చాటుగా కూర్చుని నన్ను ఆడించావా అనొచ్చు. పెళ్ళాం ముందు, ఈ పెట్టె నిండా జనం ముందు అనొచ్చు. అంతకంటే ఘోరం, ఏమీ అనకుండా తల ఊపి ఊరుకోవచ్చు. టిఫిన్ గాడంటే ఆయనకున్న ఆ మురిపెం కూడా పోతుంది, వాడు నేనేనని తెలిశాక వాడు కూడా చెంబులు అందించేవాడైపోతాడు. ఉన్న ఒక్కటీ పోగొట్టుకోవడం. అదే భయం. కాదు, అది సగమే. మిగతా సగం ఏమిటంటే నేను కాని ఒకణ్ణి ఆయన మెచ్చుకోవడం ఇంక వినలేను, వాడు నేనే అయినా సరే. కింద నదిలో నీళ్ళు తక్కువగా ఉన్నాయి, ఎవరో పిల్లలు గేదెల్ని కడుగుతున్నారు. చిప్ప విప్పు నొక్కాను. ఆలోచన మారకముందే లాక్ కూడా నొక్కేశాను. చిన్న తాళం బొమ్మ వచ్చి క్లిక్‌మని మూసుకుంది.

మా నాన్న చెయ్యి చాచాడు. ఎవరు చేసిన పనైనా తను ముట్టుకుని చూస్తే గాని అయిందని ఒప్పుకోడు, ఇంట్లో గ్యాసు కట్టేసినా అంతే. ఫోను తీసుకుని కళ్ళజోడు సవరించుకున్నాడు. వేడి, పెదవులు కదిలాయి. గడ్డి. అప్పగింత. తర్వాత పెదవులు ఆగిపోయాయి. వాసవి పక్కనుంచి వంగి చూసి, అయ్యో లాక్ అయిపోయిందే, పొరపాటున నొక్కేసినట్టున్నారు మావయ్యా అంది నా తరఫున. ఆయన తన వైపు తిరగలేదు. ఇన్నాళ్ళలో వాసవి మాటకి ఆయన తిరగకపోవడం అదే మొదటిసారి, నేను గమనించాను, గమనించి సంతోషపడ్డాను కూడా, నా బుద్ధి అలాంటిది.

"ఎప్పుడు విప్పుతావు?" అన్నాడు.

"రెండో వేడి అయ్యాక. ఎదుటివాడు పొడవడానికి అడుగు వెనక్కేస్తాడు కదా, అప్పుడు. చిప్ప విసిరి, వాడు తేరుకునేలోపు నీకు అప్పగిస్తాను. అప్పటికి తాబేలు తేలిగ్గా ఉంటుంది, వాడికి దొరకదు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయనతో నేను ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడింది ఎప్పుడో గుర్తులేదు.

సరస్వతీనగర్ వచ్చింది, ఎక్కేవాళ్ళు ఎక్కారు, ముసలమ్మ మూట సర్దుకుని దిగిపోయింది. వాసవి నా ముఖంలోకి చూస్తోంది, చూస్తూ చూస్తూ తన కళ్ళు పెద్దవయ్యాయి. ఓవర్‌టైములన్నీ లెక్కేసుకుంటోందని అర్థమైంది. చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బండి మళ్ళీ కదిలాక మా నాన్న ముందుకి వంగాడు, మోకాలు నొప్పిపెట్టినా వంగాడు.

"ఆ టిఫిన్ గాడు నీకు తెలుసేటి?"

తెలుసన్నాను.

"ఎన్నాళ్ళ బట్టి?"

వానాకాలం నుంచి అన్నాను. అది అబద్ధం కాదు.

"ఆడే నేర్పాడా ఇదంతా?"

నేను నోరు విప్పేలోపే ఆయన చూపు నా ముఖం మీంచి జారి కిటికీలోకి పోయింది, మళ్ళీ వచ్చింది. దవడ కింద ఏదో కదులుతోంది. కోపం అనుకున్నాను మొదట, ఆయన కోపం నాకు బాగా తెలుసు, ఇది కాదు. ఎక్కడో చూశాను ఈ ముఖం. పేపరు మడిచి పెట్టి అద్దం ముందు తల దువ్వుకునే వేళ రోజూ చూసే ముఖం ఇది. నా కొడుకు ఎవడి దగ్గరికో వెళ్ళాడు, ఎవడో పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు, వీడు విన్నాడు, నాకు తెలియకుండా ఇంత నేర్చుకున్నాడు. ఆయన మనసులో మాట నాకు ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినిపించింది, ఎందుకంటే ఆ మాటలన్నీ నావే.

"ఇంట్లో నేనున్నాను కదేటి," అన్నాడు. "నన్నడిగితే నేర్పనేటి?"

చెప్పొచ్చు. ఆ టిఫిన్ గాణ్ణి నేనే నాన్నా, నాకు నేర్పింది మీ ఇద్దరే అంటే అయిపోతుంది. వాసవి చెప్పెయ్యబోయింది, వద్దని కళ్ళతోనే ఆపాను. రాయ్‌పూర్ స్టేషన్ ఇంకాస్త దూరం ఉందనగా ఔటర్‌లో సిగ్నల్ లేక బండి ఆగింది, ఫ్యాన్లు కూడా ఆగిపోయి పెట్టెంతా నిశ్శబ్దమైంది. ఫోను ఆయన చేతిలోనే ఉంది గాని దాని వైపు చూడటం లేదు, పక్కనున్న పార్ట్‌నర్ వైపూ చూడటం లేదు, నా నోటి వంకే చూస్తున్నాడు. ఇంకాసేపు చూడనీ అని ఊరుకున్నాను.